అరకు టూర్‌లో డీజే పెట్టించాలా, ధింసా చూడాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువ భాగం కొండల టూర్ల గురించే, అందుకని వేరే ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా నమస్తే. మా అపార్ట్‌మెంట్ వాళ్లం 38 మందిమి డిసెంబర్‌లో అరకు వెళ్దామనుకుంటున్నాం, ఆరేళ్ల పిల్లల దగ్గర్నుంచి డెబ్బై దాటిన పెద్దవాళ్ల దాకా ఉన్నాం. ట్రావెల్స్ ఆయన మూడు రోజుల ప్యాకేజీ చెప్పాడు, అందులో బొర్రా గుహలు, కటికి జలపాతం, పద్మాపురం గార్డెన్, ట్రైబల్ మ్యూజియం, చాపరాయి, వంజంగి, లంబసింగి అన్నీ ఉన్నాయి, రాత్రికి క్యాంప్‌ఫైర్, డీజే, మధ్యలో ఒక ఇరవై నిమిషాలు గిరిజనుల ధింసా డాన్సు అంట. అందరూ సంబరపడుతున్నారు గానీ నాకెందుకో డౌటుగా ఉంది. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?
- ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: నీ డౌటు కరెక్టేనమ్మా. ఆ లిస్టులో ఏ ఒక్కటీ చెడ్డది కాదు, కానీ అన్నీ మూడు రోజుల్లో అంటే బస్సు కిటికీలోంచి చూడ్డమే. అరకు నుంచి లంబసింగి వంద కిలోమీటర్లకి కాస్త అటూఇటూ ఉంటుంది, మొత్తం ఘాట్ రోడ్డే, మన హైవే లెక్కలో రెండు గంటలని వేసుకుంటే కుదరదు, పిల్లలకి వాంతులు, పెద్దాళ్లకి నడుం నొప్పులు, ప్రతి మలుపులో ఎవరో ఒకరు బండి ఆపమంటారు. వంజంగి అయితే మేఘాలు కనపడాలంటే చీకటితోనే బయల్దేరి చివర్లో కొండ నడిచి ఎక్కాలి, 38 మందీ ఎక్కలేరు, ఎక్కనివాళ్లు కింద చలిలో కూర్చోవాలి. అందుకని ముందు లంబసింగి, వంజంగి రెండూ తీసేయమను, వాటికి ఇంకోసారి వెళ్లొచ్చు.

దాని బదులు ఒకటి గట్టిగా అడుగు, పైకి వెళ్లేటప్పుడు బస్సు వద్దు, రైలు కావాలని. ముందురోజు ఇక్కణ్ణుంచి రత్నాచల్‌కో ఇంకో బండికో వైజాగ్ వెళ్లి రాత్రి అక్కడే పడుకుంటే, పొద్దున్నే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కొచ్చు, దానికి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా 2017 నుంచి వేస్తున్నారు, అందులో సీట్లు తక్కువ కాబట్టి ఇంతమందికి దొరకడం కష్టం, మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చున్నా ఆ ఆనందానికి ఏ లోటూ లేదు. ఈ లైను వేసింది అసలు మనుషుల కోసం కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల్లో ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేశారు, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. పిల్లలకి ఈ కథ ముందే చెప్పి ఉంచు, ప్రతి సొరంగానికీ వాళ్లు అరుస్తూ లెక్కపెట్టుకుంటారు, ఒకసారి నేను వెళ్లిన గ్రూపులో ఒక ముసలాయన కూడా వాళ్లతో కలిసి లెక్కపెట్టారు, నాలుగు గంటలు ఎలా గడిచాయో తెలీలేదు. శిమిలిగూడ స్టేషన్ వచ్చినప్పుడు చూడమను, సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, బ్రాడ్‌గేజ్ లైన్లలో దేశంలోనే అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అని చాలా ఏళ్లు పేరుండేది.

బొర్రా గుహలు తప్పకుండా ఉంచు. సున్నపురాయి కొండని నీళ్లు ఏళ్ల తరబడి కరిగించి చేసిన గుహలవి, లోతు 80 మీటర్ల దాకా ఉంటుంది, పైకప్పు నుంచి చుక్కచుక్కగా కారిన నీళ్లలోని సున్నమే పేరుకుని గట్టిపడి శివలింగంలాగా రకరకాల ఆకారాలుగా కనపడతాయి. విచిత్రం ఏంటంటే మీరు ఎక్కొచ్చిన ఆ రైలు లైను ఆ గుహల మీదుగానే పోతుంది. మెట్లు చాలా ఉంటాయి, తడికి జారతాయి, మోకాళ్లనొప్పులున్నవాళ్లు సగం దాకా దిగి కూర్చుని చూసినా చాలు, మొహమాటానికి కిందదాకా దిగొద్దని ముందే చెప్పు. బయట కోతులుంటాయి, చేతిలో కవర్ కనపడితే లాక్కుంటాయి. అక్కడే బొంగులో చికెన్ అమ్ముతారు, మసాలా పట్టించిన కోడిముక్కల్ని వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు, నూనె చుక్క వెయ్యరు, 38 మందికి ఒకేసారి కావాలంటే దొరకదు కాబట్టి గుహలోకి వెళ్లే ముందే ఆర్డర్ చెప్పేసి వెళ్లండి. కటికి జలపాతానికి జీపులో కొంతదూరం, తర్వాత నడక, కుర్రాళ్లని పంపు చాలు. ట్రైబల్ మ్యూజియం, కాఫీ మ్యూజియం సాయంత్రం పూట ప్రశాంతంగా చూడొచ్చు. కాఫీ తోటలో ఒక గంట ఉండేలా చూడు, పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగ, కింద నీడలో కాఫీ, డిసెంబర్ అంటే ఎర్రటి పండ్లు కోసే టైము కూడా. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతం సరుకుకే చెల్లుతుందనే ముద్ర, ఆ పండ్లు కోసే చేతులు ఎవరివో చూస్తే ఇంటికొచ్చాక ఆ కాఫీ ఇంకోలా రుచిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. డీజే వద్దమ్మా. నాలుగేళ్ల క్రితం నేనే ఒక గ్రూపుతో వెళ్లాను, మా బస్సు లేటయ్యి రిసార్ట్‌కి చేరేసరికి పదైంది, ధింసా ఆడే ఆడవాళ్లు సాయంత్రం ఏడింటినుంచి పలచటి చీరల్లో ఆ చలిలో కూర్చుని ఉన్నారు. వాళ్లు రెండు వరసలు ఆడారో లేదో మనవాళ్లు సినిమా పాట పెట్టమని అరిచారు, డప్పు ఆగిపోయింది, స్పీకర్ మోగింది, వాళ్లు పక్కకి జరిగి నిలబడ్డారు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే కూడా గుండె బరువుగానే ఉంది.

ధింసా అంటే మన వినోదం కోసం కనిపెట్టిన ఐటెం కాదు. చైత్రంలో ఇటుకల పండగకి, పెళ్లిళ్లకి ఊరంతా కలిసి ఆడుకునే ఆట. ఒకరి వీపు వెనక నుంచి ఇంకొకరు చేతులు పెనవేసుకుని వరసగా నిలబడి, తుడుము, డప్పు, మోరి మోగుతుంటే అడుగులు కలుపుతూ మెల్లగా మొదలై పాములా మెలికలు తిరిగి గుండ్రంగా చుడతారు, ఒకరి అడుగు తప్పితే వరస మొత్తం ఊగుతుంది, అందుకే అది చూడాలంటే టైము కావాలి. నువ్వు ట్రావెల్స్ ఆయనకి చెప్పాల్సింది ఇదీ: డీజేకి పెట్టే డబ్బు కూడా ధింసా బృందానికే ఇప్పించు, ఆ డబ్బు మధ్యవర్తులకి కాకుండా నేరుగా బృందం పెద్ద చేతిలో పెట్టండి, చీకటి పడకముందే ఐదింటికల్లా మొదలుపెట్టించి గంటసేపు ఆడనివ్వండి, ఆట అయ్యాక వాళ్లు రమ్మంటే అప్పుడు మీరూ వరసలో కలవండి, వాళ్లకి కూడా మీతోపాటే భోజనం పెట్టండి. తర్వాత మంట దగ్గర అంత్యాక్షరి పెట్టుకోండి, పెద్దవాళ్లలో ఎవరో ఒకరికి బుర్రకథ ముక్కో పద్యమో వచ్చే ఉంటుంది, బుర్రకథకి పేరు తెచ్చిన షేక్ నాజర్ గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషే కదా, మన పెద్దాళ్లలో ఆయన కథ విననివాళ్లు తక్కువ. ఒకసారి అడిగి చూడు, పిల్లలు నోరెళ్లబెట్టి వింటారు.

ప్రశ్న: మేడం, మా మామగారికి 74 ఏళ్లు, అల్లూరి సీతారామరాజు సమాధి చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మా బంధువులం పన్నెండు మందిమి వెళ్దామనుకుంటున్నాం. అరకులో ఉంటుందా?
- ఒక కోడలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అరకులో కాదమ్మా, కృష్ణదేవిపేటలో, నర్సీపట్నం వైపు. చాలామంది ఈ పొరపాటు పడతారు, జిల్లాకి ఆయన పేరు పెట్టారు, దాని హెడ్‌క్వార్టర్ పాడేరు, కానీ సమాధి ఉన్న ఊరు అనకాపల్లి జిల్లాలోకి వస్తుంది. గుంటూరు నుంచి రైల్లో తునిలో దిగి, అక్కణ్ణుంచి పన్నెండు మందికి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి, పెద్ద బస్సు కంటే ఆ మలుపుల్లో అదే హాయి.

మీ మామగారి కోరిక విని నాకు చాలా సంతోషమేసింది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కే దారి మామూలు దారి కాదు, ఆ అడవి దారి పనుల్లోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టి చేయించి కూలి ఎగ్గొట్టాడు. దానికి ముందే 1882 అటవీ చట్టంతో పోడు మీద, అంటే అడవి కొట్టి చేసుకునే సాగు మీద, ఆంక్షలు వచ్చి వాళ్ల కడుపు మీద కొట్టినట్టయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజులు మూడు స్టేషన్ల మీద అల్లూరి దళం దాడి చేసింది, పట్టుకెళ్లిన తుపాకులకి లెక్క కూడా స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్లారు. ముందుగా మిరపకాయ టపా, అంటే దాడికి వస్తున్నానని బాణానికి మిరపకాయలతో కట్టిన ఉత్తరం, పంపి మరీ అల్లూరి వస్తాడని పేరు, గుంటూరు వాళ్లకి ఆ మాట చెప్తే ఇట్టే గుర్తుండిపోతుంది. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లు చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరిని చెట్టుకి కట్టేసి కాల్చారు, అప్పటికి ఆయనకి ఇరవై ఏడేళ్లు నిండలేదు.

ముందు కృష్ణదేవిపేట వెళ్లి సమాధి దగ్గర మామగారిని కావలసినంతసేపు కూర్చోనివ్వండి, ఆయన్ని తొందరపెట్టొద్దు. తర్వాత లంబసింగిలో రాత్రి ఆగొచ్చు, స్థానికంగా దాన్ని కొర్రబయలు అంటారు, రాత్రి బయట ఉంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని అర్థమట, కాబట్టి ఆయనకి మంకీ క్యాప్, ఉన్ని సాక్సులు, రెండు దుప్పట్లు, మందులు చేతి సంచిలోనే పెట్టండి. చీకటి పడ్డాక ఘాట్‌లో బండి నడపనివ్వకండి, మంచులో రోడ్డు కనపడదు.

ప్రశ్న: అరకు దగ్గర మాడగడలో గిరిజనుల చీర కట్టించి ఫొటోలు తీస్తారంట, తీసుకోవచ్చా అక్కా?
- ఒక డిగ్రీ విద్యార్థిని, గవర్నర్‌పేట

జవాబు: అక్కడివాళ్లే చీర కట్టి, నగలు పెట్టి, దానికి డబ్బు తీసుకుంటున్నారంటే అది వాళ్ల బతుకుతెరువు, సంతోషంగా కట్టుకో, బేరమాడకు. కానీ సంతలోనో ఇంటి ముందో కూర్చున్న ముసలమ్మ మొహం మీద ఫోన్ పెట్టి అడక్కుండా తీయడం మాత్రం తప్పు. ముందు పలకరించు, ఏదైనా కొను, తర్వాత అడుగు.

ప్రశ్న: మా ట్యూషన్ పిల్లల్ని, 50 మందిని, ఒక్క రోజులో వెళ్లొచ్చేలా కొండ, చరిత్ర రెండూ ఉన్న చోటికి తీసుకెళ్లాలి. బడ్జెట్ తక్కువ.
- ఒక మాస్టారు, గుంటూరు

జవాబు: మాస్టారూ, ఊరి పక్కనే కొండవీడు పెట్టుకుని దూరం ఎందుకండీ, గంటలోపే చేరిపోతారు. రెడ్డిరాజుల రాజధాని, శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది అక్కడి పెదకోమటి వేమారెడ్డి కొలువులోనే, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట. పైకి ఘాట్ రోడ్డుంది గానీ పిల్లల్ని కొంతైనా నడిపించండి, బురుజులూ చెరువులూ చూస్తే కొండ మీద అంతమందికి నీళ్లెలా దొరికేవో వాళ్లకే అర్థమవుతుంది. పైన తిండి దొరుకుతుందని నమ్ముకోకుండా పులిహోర, పెరుగన్నం, మనిషికి రెండు సీసాల నీళ్లు కట్టించుకుని పొద్దున్నే ఏడింటికల్లా ఎక్కేయండి, ఎండెక్కాక రాళ్లు కాలతాయి. దిగాక ఊళ్లో గోపీనాథస్వామి గుడి చూపించండి, కత్తులబావి అంటే ఎవరైనా దారి చెప్తారు. శ్రీనాథుడి చాటుపద్యం ఒకటి ముందురోజే బోర్డు మీద రాసి నేర్పించి, కోట మీద అందరిచేతా గొంతెత్తి పాడించండి.