ప్యారలల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి విజయవాడలో సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. స్నేహితులంతా ఫుల్ స్టాక్ కోర్సుల్లో చేరుతుంటే వీడు ప్యారలల్ ప్రోగ్రామింగ్ అంటున్నాడు. ఉద్యోగం వస్తుందా? కోచింగ్ ఎక్కడ ఇప్పించాలి?

జవాబు: నేర్చుకోనివ్వండి. కోచింగ్‌కి మాత్రం డబ్బు కట్టకండి.

2005 ప్రాంతం వరకు కొత్త ప్రాసెసర్ వస్తే చాలు, పాత ప్రోగ్రామే వేగంగా నడిచేది. ఆ తర్వాత చిప్ వేడి అదుపు చేయడం కష్టమై, కంపెనీలు గిగాహెర్ట్జ్ (చిప్ వేగం) బదులు కోర్లు (చిప్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) పెంచుతూ వచ్చాయి. పనిని ఆ కోర్లకు పంచాల్సింది ప్రోగ్రామ్ రాసేవాడే. ప్యారలల్ ప్రోగ్రామింగ్ అంటే ఇదే.

కష్టమంతా ఆ పంచడంలోనే ఉంది. మీవాణ్ని ఒకటి చేసి చూడమనండి. సీ++లో ఎనిమిది థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనుల వరుసలు) ఒకే కౌంటర్‌ని తలా పది లక్షల సార్లు పెంచేలా రాసి, కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆపేసి నడపాలి. 80 లక్షలు రావాలి కదా? దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది, అదీ నడిపిన ప్రతిసారీ వేరే అంకె. విలువ చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం వేర్వేరు పనులు. రెండు థ్రెడ్లు ఒకే విలువ చదివితే ఒక కూడిక గల్లంతు. లాక్ పెడితే, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే కౌంటర్ ముట్టనిస్తే, లెక్క సరిపోతుంది కానీ, ఒక్క థ్రెడ్‌తో చేసినదానికన్నా నెమ్మదిగా నడుస్తుంది. ఏ థ్రెడ్ లెక్క అది వేసుకుని చివర్లో కలిపితే లెక్కా, వేగమూ రెండూ కుదురుతాయి. ఈ మూడు పద్ధతులూ టైమింగ్‌లతో సహా చెప్పగలిగిన కుర్రాణ్ని ఇంటర్వ్యూలో తేలిగ్గా తీసుకోరు.

పరిమితి కూడా తెలియాలి. మిర్చి యార్డులో కూలీలు ఎంతమంది ఉన్నా కాటా ఒక్కటే అయితే బస్తాలు అక్కడ ఆగాల్సిందే. కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన సూత్రం సారం ఇదే. పనిలో పదో వంతు విడదీయలేనిదైతే ఎనిమిది కోర్లతో వచ్చే వేగం 4.7 రెట్లే, వెయ్యి కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు.

ఇక ఉద్యోగం. ‘ప్యారలల్ ప్రోగ్రామర్’ అనే పేరుతో ఫ్రెషర్లకు పోస్టులు పెద్దగా కనిపించవు. హైదరాబాద్‌లో ఎన్విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్ ఉన్నాయి. అలాంటి చోట్ల ఈ విద్య అక్కరకొస్తుంది, కానీ చాలా పోస్టులకు ఎంటెక్ గానీ అనుభవం గానీ చూస్తారు. అందుకే ఎంటెక్ ప్రవేశాల కోసం గేట్ కూడా రాయమంటాను. థ్రెడ్లు, సింక్రనైజేషన్ (థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా చూడడం), క్యాష్ (ప్రాసెసర్ దగ్గరుండే చిన్న వేగవంతమైన మెమరీ) అన్నీ ఆ సిలబస్‌లో ఉన్నవే, చదివింది వృథా పోదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం డేటా స్ట్రక్చర్స్ ప్రాక్టీస్ మాత్రం ఆపకూడదు. మీ టెన్షన్‌కి నేను చెప్పే జవాబు ఇదే.

పనిని థ్రెడ్లకు పంచడానికి వాడే ఓపెన్‌ఎంపీ ఉచితం, జీసీసీ కంపైలర్‌తోనే వస్తుంది. పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో దొరుకుతాయి. తర్వాత ఎన్విడియా జీపీయూల (గ్రాఫిక్స్ చిప్‌ల) మీద ప్రోగ్రామ్‌లు రాసే క్యూడాకి వెళ్తే, బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కొలాబ్‌లో జీపీయూ కొంతమేరకు ఉచితంగా ఇస్తారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కూడా ఇందులోనే చేయమనండి. దయచేసి డబ్బిచ్చి కొనుక్కోనివ్వకండి. మ్యాట్రిక్స్ గుణకారమైనా సరే, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది థ్రెడ్లతో ఎంత టైమ్ పట్టిందో, ఎక్కడ వేగం ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో వాడే కొలిచి రాయాలి.