తిమ్మిరి లేదు, చెయ్యి మాత్రం ఎండుతోంది

ప్రశ్న: డాక్టరమ్మా, నాకు 43 ఏళ్లు. చీరల నూలుకు రంగు అంటకుండా సైకిల్ ట్యూబు రబ్బరుతో ముడులు కడతాను. ఆరు నెలలుగా కుడిచేత్తో ముడి బిగుసుకోవట్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడింది. తిమ్మిరి, నొప్పి ఏమీ లేవు. తిమ్మిరి లేకుంటే నరం జబ్బు కాదని ఒక డాక్టర్ బలానికి సూదులు రాశారు. మా బిడ్డ ఫోన్‌లో చూసి, ఒళ్లంతా కండలు కరిగే జబ్బేమోనని ఏడుస్తోంది. పని మానేయాలా?
– ఒక పాఠకురాలు, గట్టుప్పల్

జవాబు: ముందు బిడ్డను ఫోన్ పక్కన పెట్టమనండి. అలాంటి జబ్బు ఉన్నమాట నిజమే. దానికంటే ముందు మీ అరచెయ్యి చూడాలి.

చిటికెనవేలి వైపు మణికట్టు దగ్గర బఠాణీ గింజంత ఎముక చేతికి తగులుతుంది. దాని పక్కనున్న సన్నని దారిని గయాన్ కాలువ అంటాం. 1861లో దాన్ని వర్ణించిన ఫ్రెంచి డాక్టరు పేరది. మోచేతి నుంచి చిటికెనవేలి వైపుగా దిగే అల్నార్ నరం అక్కడ రెండు పాయలవుతుంది. పైది స్పర్శకు, లోపలిది మీకు గుంట పడ్డ చోటుతో సహా చేతి కండలకు. లోపలి పాయ ఒక్కటే నలిగితే తిమ్మిరి ఉండదు, కండ ఎండుతుంది. ఈ తప్పు నేనూ చేశాను. దేవరకొండ నుంచి వచ్చిన ఒక మేస్త్రీకి మూడు నెలలు విటమిన్ బిళ్లలు మింగించాను. ఆఖరికి స్కాన్‌లో శనగగింజంత గ్యాంగ్లియాన్ బయటపడింది. అంటే జిగురునీటి తిత్తి. పైకి తగల్లేదు, నొప్పీ లేదు. కొవ్వుగడ్డ, ఉబ్బిన రక్తనాళం, పుట్టుకతో ఉన్న అదనపు కండ కూడా అక్కడ నరాన్ని నొక్కుతాయి. ముడి లాగేటప్పుడు అరచేతి అడుగును చెక్కకు ఆనిస్తారా? ఆ ఒత్తిడీ అక్కడే పడుతుంది.

బొటనవేలికీ చూపుడువేలి పక్కకూ మధ్య కాగితం పట్టి, బిడ్డను లాగమనండి. బొటనవేలి చివరి కణుపు వంగిందా, అల్నార్ నరాన్ని అనుమానించాలి. ఎక్కడ నలిగిందో తేలాలంటే నెర్వ్ కండక్షన్ టెస్టు (నరంలో సంకేతం ఎలా పోతోందో చూసేది), కండల పరీక్ష, మణికట్టు స్కాన్ కావాలి. మెడ ఎక్స్‌రే ఫోటో కూడా తీయించండి. మీ వైపు బోరునీళ్లతో పెరిగినవాళ్లలో ఫ్లోరైడ్ వల్ల వెన్నులో నరాల దారి ఇరుకవడం చూస్తూనే ఉన్నాం. ఒంటిమీద స్పర్శ లేని మచ్చ ఉంటే దాచకండి. అది కుష్ఠు అయితే సర్కారు దవాఖానలో మందులు ఉచితం, నయమవుతుంది.

పని పూర్తిగా మానక్కర్లేదు. ముడులు మాత్రం పరీక్షలయ్యేదాకా ఇంకొకరితో కట్టించండి. ఈ నెల దాటనివ్వకండి. నా మేస్త్రీకి తిత్తి తీసేశాక కూడా తాపీ పట్టు పూర్తిగా రాలేదు.