కాయిల్ కొనే ముందు అటూ ఇటూ మార్చి చూడండి

సందేహం: మాది నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. వారం రోజులుగా ఐడిలింగ్‌లో వణుకుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ ఉండడం లేదు. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి ఫోన్‌లో చూస్తే పి0303 అనే కోడ్ కనిపించింది. మెకానిక్ నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్ (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు అందించే భాగాలు) మార్చాలంటున్నారు. ఆ పని ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు. అయితే నాలుగూ మార్చాల్సిన అవసరం ఉందని ఆ కోడ్ చెప్పడం లేదు. మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అవుతోందన్నదే, అంటే అక్కడ పెట్రోలు సరిగా మండడం లేదన్నదే దాని అర్థం. స్పార్క్ ప్లగ్ అరిగినా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మొరాయించినా, కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) తగ్గినా ఇదే కోడ్ వస్తుంది.

మీ కారులో ఒక్కో ప్లగ్‌పై ఒక్కో కాయిల్ ఉన్నట్లయితే, పైసా ఖర్చు లేకుండా అసలు దోషిని పట్టుకోవచ్చు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, కోడ్ రాసిపెట్టుకుని, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, మూడో కాయిల్‌ను రెండోదాని స్థానంలోకి, రెండోదాన్ని మూడోదాని స్థానంలోకి మార్చండి. తర్వాత బ్యాటరీ కలిపి, స్కానర్‌తో పాత కోడ్ చెరిపేసి, కాసేపు ఇంజిన్ నడపండి. ఈసారి పి0302 వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలిందన్నమాట, ఆ ఒక్కటి కొంటే సరిపోతుంది. మళ్లీ పి0303నే వస్తే కాయిల్ జోలికి పోకుండా ప్లగ్‌ను ఇదే తీరున మార్చి చూడండి. చాలా కార్లలో టైమింగ్ చైను వైపున్నది ఒకటో సిలిండర్. మీ మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి.

కాయిల్ తీసేటప్పుడు తొందర పనికిరాదు. కనెక్టర్ ప్లాస్టిక్ ఏళ్ల వేడికి పెళుసెక్కి ఉంటుంది కాబట్టి, తీగ పట్టుకుని లాగకుండా లాక్ నొక్కి వదులు చేయండి. బోల్టు విప్పాక కాయిల్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి నిటారుగా పైకి లాగండి. బయటికి వచ్చిన రబ్బరు బూటును (కాయిల్ కింద ప్లగ్‌ను కప్పే తొడుగును) వెలుతురులో పరిశీలించండి. దాని మీద సన్నని నల్లటి గీత కనిపిస్తే కరెంటు పక్కదారి పడుతోందని అర్థం. బూటు నూనెతో తడిసి ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ లేదా ప్లగ్ గొట్టం సీలు కారుతోంది. దాన్ని బాగుచేయకుండా కొత్త కాయిల్ వేస్తే కొన్నాళ్లకు అదీ పాడవుతుంది.

కొత్తది బిగించేటప్పుడు బోల్టును ముందు చేత్తోనే తిప్పి, తర్వాత స్పానర్‌తో తేలిగ్గా బిగించండి. కింద ఉన్నది అల్యూమినియం, మర సులభంగా చెడిపోతుంది.

ఇంజిన్ తిరుగుతుండగా కాయిల్ పైకి లాగి స్పార్క్ చూడడం కొన్ని షెడ్లలో ఇప్పటికీ అలవాటు. 12 వోల్టులను 20 వేలకు పైగా పెంచే భాగమది. దయచేసి ఆ పని చేయకండి. మరో మాట: చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే కారు నడపకండి. కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి మండితే అది పాడవుతుంది, దాని ధర కాయిల్ ధరకు ఎన్నో రెట్లు.

కాయిల్, ప్లగ్ రెండూ మార్చి చూసినా పి0303 వదలకపోతే, ఇంజెక్టర్, కంప్రెషన్ పరీక్షల కోసం వర్క్‌షాపుకు తీసుకెళ్లండి.