హారంలో వర్గమూలం ఉంటే

విజయనగరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

హారాన్ని అకరణీయం చేసే, అంటే భిన్నం కింద వర్గమూలం లేకుండా చేసే, లెక్కల దగ్గర విసుగొచ్చి పుస్తకం మూసేశావని శ్రీకాకుళం నుంచి మీ అమ్మ ఫోనులో చెప్పింది. కింద వర్గమూలం ఉంటే తప్పేమిటని అడిగావట. తప్పేమీ లేదమ్మా. అడగవలసిన ప్రశ్నే అడిగావు, అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

నేను గజపతినగరం వైపు గొలుసు పట్టి పొలాలు కొలిచిన రోజుల్లో మా చేతిలో కాలిక్యులేటర్ లేదు. చదరపు మడికి కర్ణం 10 గొలుసులు వస్తే భుజం 10/√2. గట్టు మీద కూర్చుని పదిని 1.414తో భాగించి చూడు, ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. అదే పైనా కిందా √2తో గుణిస్తే 5√2 అవుతుంది. 1.414ను ఐదుతో హెచ్చవేస్తే 7.07 గొలుసులు, నోటితోనే తేలిపోతుంది. √2/√2 అంటే ఒకటే కాబట్టి విలువ మారదు. కిందిదాన్ని మాత్రమే గుణించి పైదాన్ని వదిలేస్తే మాత్రం పొలమే మారిపోతుంది!

అమ్మ పంపిన ఫొటోలో నీ లెక్క చూశాను. 1/(√5−√3)లో పైనా కిందా మళ్లీ √5−√3తోనే గుణించావు. కింద 8−2√15 వచ్చింది, వర్గమూలం పోలేదు. గుర్తు మార్చి √5+√3 తీసుకో, అదే సంయుగ్మం. (a−b)(a+b) = a²−b² అనే సూత్రం వాడకుండా నాలుగు లబ్ధాలూ రాయి: 5, +√15, −√15, −3. మధ్యవి రెండూ కొట్టుకుపోయి 2 మిగులుతుంది. జవాబు (√5+√3)/2. అవి కొట్టుకుపోవడం నీ చేతిరాతలో చూశాక సూత్రం నీకు మళ్లీ మరుపు రాదు.

సరిచూసుకోకుండా లెక్క వదలకు. √5కు 2.236, √3కు 1.732 వేసి చూడు. 1ని 0.504తో భాగించినా 1.984, 2.236, 1.732లను కూడి సగం చేసినా 1.984.

హారంలో √12 లాంటిది కనిపిస్తే ముందే 2√3గా తగ్గించు, అంకెలు చిన్నవవుతాయి.

ఆదివారంలోగా 1/(1+√2+√3) చేసి చెప్పు. 1+√2ను ఒకే పదంగా పట్టుకో. మొదటి గుణకారంతో కింద 2√2 వస్తుంది, అక్కడ ఆగిపోకు.

మీ తాతయ్య