అది రంగులద్దే పని కాదండీ

ప్రశ్న: మా అమ్మాయి సీఎస్‌ఈ థర్డ్ ఇయర్. ఏఐ తీసుకోమంటే వినదు, హ్యూమన్ ఫ్యాక్టర్స్ చదువుతానంటోంది. ప్రభుత్వాసుపత్రి ఓపీ కౌంటర్ దగ్గర కూర్చుని ఏదో మినీ ప్రాజెక్ట్ చేసింది. మా తోడల్లుడి కొడుక్కి ఏఐలో మంచి ప్యాకేజీ వచ్చింది. స్క్రీన్లకు రంగులద్దడానికి ఇంజనీరింగ్ ఎందుకు? రెండింట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నలుగురూ వెళ్లే దారి వదిలేస్తే పిల్ల వెనకబడిపోతుందేమోనని మీ భయం. చాలామంది తల్లిదండ్రులు ఇదే అడుగుతారు. ముందు ఆ రంగుల మాట తీసేయండి. హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటే మనిషి యంత్రాలను, తెరలను ఎలా వాడతాడో, ఎక్కడ పొరబడతాడో తెలుసుకునే చదువు.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వ్ మూసుకోకుండా ఉండిపోయింది. కంట్రోల్ రూమ్‌లో దాని దీపం మాత్రం, మూసుకున్నట్టుగా, ఆరిపోయింది. మూసుకోమని సిగ్నల్ వెళ్లిందో లేదో చెప్పడానికే ఆ దీపం పెట్టారు. వాల్వ్ నిజంగా మూసుకుందా అన్నది దానికి తెలియదు. ఆపరేటర్లు దీపాన్ని నమ్మారు. లోపల నీళ్లు ఎక్కువయ్యాయనుకుని, అత్యవసరంగా వస్తున్న నీటిని తగ్గించేశారు. రియాక్టర్ కోర్‌లో దాదాపు సగం కరిగిపోయింది. అలసిపోయిన మనిషి, వందల అలారాల మధ్య, ఆ దీపం చూసి ఏమనుకుంటాడు? ఈ చదువు అడిగే ప్రశ్న అదే. మీ అమ్మాయి ఓపీ కౌంటర్ దగ్గర కూర్చుని చూసిందీ అదే.

నా అనుమానమల్లా మూడు నెలల యూఎక్స్ (యాప్‌లు వాడేవారికి సులువుగా ఉండేలా రూపొందించే పని) కోర్సుల మీద. తెరలు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ నేర్పుతారు, ఒక ఫుడ్ యాప్ గీయిస్తారు, పోర్ట్‌ఫోలియో చేతిలో పెడతారు. అందరి దగ్గరా అదే యాప్! తెరలు గీసే పని ఏఐ టూల్సే చేసేస్తున్నాయి. ఆ కోర్సులకు లక్షలు కట్టకండి. మనిషి జ్ఞాపకం, శ్రద్ధ ఎలా పనిచేస్తాయి, ప్రయోగం ఎలా చేయాలి, స్టాటిస్టిక్స్ ఏం చెబుతాయి అన్నవి నేర్చుకుంటే నిలబడుతుంది. కోడింగ్ మాత్రం వదలొద్దనండి.

ఫ్రెషర్లకు ఈ ఉద్యోగాలు డెవలపర్ ఉద్యోగాలకంటే తక్కువే, దాచను. కానీ పని ఉంది. వైద్య పరికరం వాడేటప్పుడు మనిషి ఎక్కడ పొరబడతాడో పరీక్షించి చూపమని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కంపెనీలను అడుగుతుంది. ఏఐ ఇచ్చిన సలహాను డాక్టరు ఎంతవరకు నమ్మాలన్నదీ ఈ రంగం ప్రశ్నే. కాబట్టి ఏఐ ఆమెకు దూరమేమీ కాదు.

ఒక మాట గట్టిగానే అంటాను. తోడల్లుడి కొడుకు ప్యాకేజీ మీకు బాగా గుర్తుంది. సొంత కూతురి ప్రాజెక్టు 'ఏదో' అయిపోయింది. ఆ కౌంటర్ దగ్గర ఏం చూసిందో ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా?

ఫైనల్ ఇయర్‌లో డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ (CEED) రాయనివ్వండి. ఐఐటీ బాంబే, గువాహటి, హైదరాబాద్‌లలో ఎం.డిజైన్‌కు అదే దారి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకూ కూర్చోమనండి, రెండూ కుదురుతాయి. ఈ వేసవిలో ఆ ఓపీ ప్రాజెక్టునే పూర్తి చేయమనండి: కౌంటర్‌లోని కంప్యూటర్ తెర మార్చాక క్యూ తగ్గిందా, పేర్లలో తప్పులు తగ్గాయా అని లెక్క తీసి చూపించాలి. ఇంటర్వ్యూలో మొదట అడిగేది దాని గురించే.