సెంటు లేని పైపు పొగాకు, సముద్రపు గాలి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వనిల్లా, చెర్రీ వాసనల పైపు పొగాకు మొహం మొత్తిందనీ, సెంటు లేని రకాలు నాలుగు డబ్బాలు తెప్పించుకున్నావనీ రాశావు, వాటిని ఎలా దాచాలో అడిగావు. పొగాకు ఎండిపోకుండా డబ్బాలో వెయ్యడానికి తడి స్పాంజి ముక్క కూడా కొన్నావట. ముందు ఆ స్పాంజి అవతల పారెయ్. ఆ సలహా చలిదేశాల వాళ్లది. ఇంట్లో హీటర్లు వేసుకుని గాలిని ఎండగట్టుకుంటారు కాబట్టి వాళ్లకి ఆకు పొడైపోతుందని బెంగ. మన ఎంవీపీ కాలనీలో ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి ముద్దవుతుంది. ఇక్కడ ఆకు ఎండదు, తేమ తాగుతుంది. నువ్వు చదివిన సూచనల్లో సగం తిరగేసి పట్టుకోవాలి.

ఇన్నాళ్లూ నువ్వు కాల్చిన సెంటు పొగాకులో తేమని పట్టి ఉంచే ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి కలుపుతారు. అందుకే అది ఎప్పుడు చూసినా జిగటగా, తడిగా ఉంటుంది. సెంటు లేని రకాల్లో ఆ కలుపు తక్కువ, ఉన్న వాసన ఆకుదే. గాలిలో తేమ పెరిగితే ఇది గబగబా తాగేస్తుంది, తగ్గితే వదిలేస్తుంది. మన పొగాకు రైతులు 'పదును' అంటారు చూడు, ఆకు విరగకుండా, ముద్దవకుండా ఉండే ఆ స్థితి, పైపు పొగాకుకీ అదే ముఖ్యం. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదులు. మెల్లగా విచ్చుకుంటే పదునుగా ఉన్నట్టు. నొక్కినట్టే ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ. కరకరలాడి పొడి రాలితే ఎండింది. మొదటి రోజుల్లో వేళ్లని నమ్మలేవు కాబట్టి 0.1 గ్రాము దాకా చూపించే చిన్న కాటా పెట్టుకో. బాగా తడిగా వచ్చిన ఫ్లేక్ (అదిమి పల్చటి బిళ్లలుగా కోసిన పొగాకు) 10 గ్రాములు తూచి ఆరబెడితే, పదునుకు వచ్చేసరికి 9.3, 9.5 మధ్య తూగుతుంది. నాలుగుసార్లు అలా తూచాక వేళ్లకే తెలిసిపోతుంది.

ఆరబెట్టడం దగ్గర అందరూ చేసే పొరపాటు ఫ్యాను కింద పెట్టడం. జూలై నుంచి అక్టోబరు దాకా మన గాలిలోనే బోలెడు తేమ. ఆ గాలి విసిరితే ఆకు ఆరదు సరికదా, ఇంకా మెత్తబడుతుంది. ఏసీ ఉన్న గదిలో, తలుపులు వేసి, తెల్ల కాగితం మీద ఆ పూటకి కావలసిన 3 గ్రాములు పల్చగా పరిచి 20, 30 నిమిషాలు ఉంచు. సన్నటి పోగులుగా కోసిన రిబ్బను కట్‌కి అది చాలు. శామ్యూల్ గావిత్ కంపెనీ వాళ్ల ఫుల్ వర్జీనియా ఫ్లేక్ లాంటిది డబ్బాలోంచే తడితడిగా వస్తుంది, దానికి గంట పైనే పడుతుంది. బిళ్లలు బిళ్లలుగా కాకుండా విడదీసి పరుచు. కరెంటు లేకపోతే మూత ఉన్న డబ్బాలో అడుగున సిలికా జెల్ పొట్లం, పైన కాగితంలో పొగాకు పెట్టి అరగంటకోసారి చూసుకో. ఎండలో మాత్రం పెట్టకు. పైపొర పెళుసెక్కి లోపల తడి అలాగే ఉండిపోతుంది, వాసనా ఎగిరిపోతుంది.

అసలే ఎండి వచ్చిన డబ్బా అయితే బంగాళాదుంప చెక్క, ఆపిల్ ముక్క వెయ్యమనే వాళ్లుంటారు. వినకు, మూడో రోజుకి బూజు పట్టుకుంటుంది. వెడల్పు పళ్లెంలో పోసి, పల్చటి గుడ్డ కప్పి, వానాకాలపు రాత్రి ఏసీ లేని గదిలో వదిలెయ్. తెల్లారేసరికి పదునుకు వస్తుంది, ఒక్కోసారి దాటిపోతుంది కూడా. అందుకే పడుకునే ముందు ఒకసారి నొక్కి చూడు.

ఇక రుచి సంగతి. డబ్బాల మీద పేర్లు ఎన్నున్నా లోపలి ఆకులు నాలుగైదే. వర్జీనియా అంటే బ్యారన్లలో, అంటే ఆకు ఆరబెట్టే గదుల్లో, వేడిగాలితో క్యూరింగ్ చేసిన పసుపుపచ్చటి ఆకు, జంగారెడ్డిగూడెం వైపు రైతులు పండించేది ఆ రకమే. చక్కెర ఎక్కువ, ఎండుగడ్డి వాసన, తొందరపడి లాగితే నాలుక మండిస్తుంది. బర్లీ నీడలో గాలికి ఆరిన ఆకు. మన దగ్గర వినుకొండ ప్రాంతంలో పండుతుంది. చక్కెర దాదాపు ఉండదు, వేయించిన వేరుశనగ గుళ్ల రుచి, నికోటిన్ మాత్రం గట్టిగా ఉంటుంది. ఓరియంటల్ అంటే టర్కీ, గ్రీసు వైపు చిన్న ఆకులు, కొంచెం పులుపు, అగరు లాంటి వాసన. అదే జాతి ఆకుని కట్టెల పొగలో నల్లబడేదాకా ఉంచితే లటాకియా. పేరు సిరియా రేవు పట్నానిది, ఇప్పుడు డబ్బాల్లో దొరికేది ఎక్కువగా సైప్రస్‌ది. మూత తీయగానే పాత కట్టెలపొయ్యి, తారు కలిసిన వాసన కొడుతుంది. పెరీక్ అమెరికాలో లూసియానా రాష్ట్రం సెయింట్ జేమ్స్ పారిష్ అనే జిల్లాది. పీపాల్లో అదిమి, తన రసంలోనే నెలల తరబడి మాగబెడతారు. ఎండుద్రాక్ష పులుపు, మిరియం ఘాటు. విడిగా ఎవరూ కాల్చరు, అన్నంలో నంజుకునే పచ్చడి లాంటిది.

తాగే వరస కూడా చెబుతాను. సెంటు పొగాకు నుంచి వచ్చేవాళ్లు నేరుగా లటాకియా మీద పడతారు. మొదటి పైపుకే 'ఇదేదో టైరు కాలినట్టుంది' అని డబ్బా మూలన పడేస్తారు, లేదా దాని మోజులో పడి మిగతావేవీ రుచించక అక్కడే ఆగిపోతారు. నువ్వు బర్లీతో మొదలుపెట్టు, తొందరపాటుని అది కాస్త క్షమిస్తుంది. తర్వాత వర్జీనియా రిబ్బను, ఆ తర్వాత వర్జీనియా ఫ్లేక్. అది కుదిరాకే లటాకియా తక్కువున్న మిశ్రమం. ఒకప్పుడు డన్‌హిల్ పేరుతో వచ్చిన ఎర్లీ మార్నింగ్ పైప్ ఇప్పుడు పీటర్సన్ పేరుతో వస్తోంది, అది ఈ మెట్టుకి సరిపోతుంది. అదే వరసలోని నైట్‌క్యాప్ బరువు, పేరుకి తగ్గట్టు రాత్రి భోజనమయ్యాకే. పెరీక్ ఉన్న ఎస్క్యూడో లాంటి బిళ్లలు చివరికి.

ఒక డబ్బా మీద తీర్పు చెప్పడానికి ఒక్క పైపు చాలదు. మామూలు పైపు గిన్నెకి (పొగాకు నింపే గుంటకి) రెండున్నర గ్రాములు పడుతుంది, అంటే 50 గ్రాముల డబ్బా 20 పైపులు. కనీసం ఆరు కాల్చు, అదే పైపులో, అదే వేళకి. ఆవకాయ అన్నం తిని లేచి కాలిస్తే కారం తప్ప ఏమీ తెలీదు. పొద్దున్న ఇడ్లీ తిన్నాక గంట ఆగి, మంచినీళ్లు దగ్గర పెట్టుకుని కూర్చో. ఖాళీ కడుపుతో వద్దు, బర్లీ తల తిప్పేస్తుంది. అలా తిరిగితే పైపు పక్కన పెట్టి బెల్లం ముక్క నోట్లో వేసుకో. పొగ ఎప్పుడూ నోట్లోనే, లోపలికి పీల్చకు. బీచ్ రోడ్డు బెంచీ మీద సముద్రం చూస్తూ కొత్త డబ్బా రుచి చూద్దామనుకోకు. ఆ గాలికి గిన్నె కొలిమిలా మండి ఆకు ఏదైనా ఒకే రుచి వస్తుంది. చిన్న నోటుబుక్కులో తేదీ, ఎంతసేపు ఆరబెట్టావు, ఎన్నిసార్లు మళ్లీ వెలిగించావు, గిన్నె పై భాగంలో, నడుమ, అడుగున రుచి ఎలా ఉంది రాసుకో. నాలుగుసార్ల కన్నా ఎక్కువ ఆరిపోతే తడి ఉందని. నాలుక మండితే ఒకటి తడి, రెండు నీ తొందర. నూటికి తొంభైసార్లు పొగాకు తప్పు కాదు.

నింపడం, వెలిగించడం నీకు వచ్చు కాబట్టి ఒక్క మాటే. ఫ్లేక్‌ని మరీ పొడిగా నలపకు, సేమ్యా అంత ముక్కలు చాలు. పైపుల గురించీ ఎక్కువ ఆలోచించకు. లటాకియాకి వేరే పైపు కేటాయించు. దాని వాసన కొయ్యలో దిగి వర్జీనియాని తినేస్తుంది. రుచి చూడటానికి మొక్కజొన్న కండె పైపులు రెండు తెప్పించుకుంటే ఖర్చూ తక్కువ, కాల్చిన ప్రతిసారీ కనీసం ఒక రోజు ఆరనివ్వచ్చు. వానల్లో రెండు రోజులు.

దాచడానికి వద్దాం, నువ్వు అసలు అడిగింది ఇదే. మూత తీయని డబ్బాకీ ఇక్కడ ప్రమాదముంది. ఉప్పుగాలికి రేకు అతుకుల దగ్గర తుప్పు పట్టి సూదిమొనంత బెజ్జం పడిందా, లోపలి వాక్యూమ్ పోయినట్టే. బయటికి ఏమీ కనిపించదు. ఒక్కో డబ్బానీ జిప్ కవర్లో వేసి, మూడు నెలలకోసారి అంచులు తడిమి చూడు. తుప్పు మచ్చ కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా సీసాలోకి మార్చు. తెరిచిన డబ్బా మూతని అసలు నమ్మకు, అదే రోజు గాజు సీసాలోకి మార్చాలి.

సీసా అంటే ఊరగాయ జాడీ కాదు. జాడీ నోటికి గుడ్డ కడితే గాలి ఆగదు. ఖాళీ ఆవకాయ సీసా, కాఫీపొడి సీసా కూడా వద్దు, మూత లోపలి రబ్బరు ఏడాది తర్వాత కూడా పాత వాసన వదలదు. తీగ క్లిప్పు, రబ్బరు వాషరు ఉన్న కొత్త గాజు సీసాలు పూర్ణా మార్కెట్‌లో అడిగి చూడు. 250 మిల్లీలీటర్లదైతే 50, 55 గ్రాములు పడతాయి, డబ్బాకి ఒకటి లెక్క. కొన్నాక ఖాళీ సీసా బిగించి బకెట్ నీళ్లలో నిమిషం ముంచు, మూత చుట్టూ బుడగలు లేస్తే అది పప్పులకి వాడుకో. మంచిదాన్ని వేణ్ణీళ్లతో కడిగి, బోర్లించి ఆరాక ఎండలో పూర్తిగా పొడి కానిచ్చి, చల్లారాకే నింపు. లోపల ఒక్క నీటిచుక్క ఉన్నా బూజుకి అది చాలు. పొగాకు పదునులో ఉండగా, ఏసీ గదిలోనే నింపు. మెల్లగా అదిమి పైన వేలెడు ఖాళీ వదులు. పేరు, సీసాలో వేసిన నెల, సంవత్సరం చీటీ మీద రాసి అంటించు. నాలుగు నెలల తర్వాత ఏ సీసా ఏదో గుర్తుంటుందని అందరూ అనుకుంటారు.

సీసాని అలమారాలో కింది అరలో, చీకట్లో పెట్టు. పడమటి గోడకి ఆనించకు, వంటింటి అటక మీద పెట్టకు, మే నెలలో అక్కడ ఉడికిపోతుంది. నిండుగా నింపి మూత సరిగ్గా పడితే తేమ పొట్లాలు అక్కర్లేదు. రోజూ తెరిచే సీసాకి మాత్రం తేమని 62 శాతం దగ్గర నిలిపే పొట్లం ఒకటి వెయ్, అది రెండువైపులా పని చేస్తుంది, ఎక్కువైతే లాగుతుంది, తక్కువైతే ఇస్తుంది. లోపల తేమ 60, 65 శాతం మధ్య ఉంటే చాలు. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటరు కొంటే దాన్ని ముందు పరీక్షించు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేలా రెండు చుక్కల నీళ్లు వేసి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచు. పొద్దున్నకి 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడూ ఐదు కలుపుకో.

బూజుకీ, మాగిన ఆకు మీద వచ్చే పలుకులకీ తేడా తెలుసుకో. పలుకులు సన్నటి ఉప్పురవ్వల్లా ఆకుని అంటుకుని మెరుస్తాయి, అవి మంచివే. బూజు దూదిపోగులా లేచి ఉంటుంది, ముక్కిన బియ్యం వాసన వస్తుంది. అది కనిపిస్తే పైన ఏరేసి మిగతాది కాలుద్దామనుకోకు, మొత్తం పారేసి, సీసా మరిగే నీళ్లలో కడిగి, రబ్బరు మార్చు.

ఆకు మీద సూదిబెజ్జాలు, అడుగున గోధుమరంగు పొడి కనిపిస్తే అది పొగాకు పురుగు. వంటింట్లో పసుపుకొమ్ముల్నీ, ఎండుమిరపకాయల్నీ తొలిచేదీ అదే, కాబట్టి సీసాలు వాటి పక్కన ఉంచకు. అనుమానమొస్తే పొగాకుని రెండు జిప్ కవర్లలో వేసి ఫ్రీజర్లో ఏడు రోజులు ఉంచు. తీశాక ఒక రోజు కింది ఫ్రిజ్‌లో, ఒక రోజు బయట ఉంచి, గది వేడికి వచ్చాకే కవరు విప్పు. ముందే విప్పితే మన గాలి ఆ చల్లటి ఆకు మీద నీరై పడుతుంది. ఫ్రీజర్నే గోదాములా వాడుకుందామనుకోకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో కరెంటు రోజుల తరబడి లేదు.

మాగబెట్టడానికి వర్జీనియా ఉన్నవే దాచు. వాటిలోని చక్కెర వల్ల ఏడాదికి గరుకుతనం తగ్గుతుంది, నాలుగైదేళ్లకి రంగు ముదిరి రుచి గుండ్రబడుతుంది. లటాకియా ఏళ్లు గడిచేకొద్దీ వాసన కోల్పోతుంది, కొన్నది కొన్నట్టు కాల్చెయ్. బర్లీలో పెద్ద మార్పేమీ ఉండదు. మాగుతున్న సీసాని ఎలా ఉందో చూద్దామని ప్రతి పండక్కీ తెరవకు. తెరిచిన ప్రతిసారీ మన ఊరి తేమ కూడా లోపలికి వెళ్తుంది.

పీల్చకపోతే ప్రమాదం లేదనే మాట నమ్మకు. నోటికి, చిగుళ్లకి, గొంతుకి ఇది చేసే హాని అలాగే ఉంటుంది. మన తీరం ఊళ్లలో అడ్డచుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) కాల్చే ఆడవాళ్ల అంగిలి మీద వచ్చే పుళ్ల గురించి ఇక్కడి పళ్ల డాక్టర్లందరికీ తెలుసు. నీకు నలభై దాటాయి, నీ ఇష్టం. వారానికి రెండు పైపులు దాటనివ్వకు, ఏడాదికోసారి నోరు చూపించుకో, పిల్లలున్న గదిలో కాల్చకు, సీసాలున్న అలమారాకి తాళం వెయ్.

విదేశం నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకుంటే సుంకం లేకుండా మనిషికి 125 గ్రాములే. అంటే 50 గ్రాముల డబ్బాలు రెండు. మూడోది తెమ్మని ఎవరినీ ఇబ్బంది పెట్టకు. నీ దగ్గరున్న నాలుగింటిలో ముందు బర్లీది ఒక్కటే తెరువు. మిగతా మూడూ జిప్ కవర్లలోకి వెళ్లాలి. ఇది సెప్టెంబరు, అంచులు ఇవాళే తడిమి చూడు.

ఇట్లు,
మీ మామయ్య