సన్‌షేడ్ కింద కందిరీగల పట్టు: మేనకోడలికి ఒక జాబు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

గుణదలలో మీరు కొత్తగా దిగిన మేడమీది వాటాలో, వంటింటి కిటికీ పైనున్న సన్‌షేడ్ కింద కందిరీగలు పట్టు పెట్టాయనీ, ఇంటివారేమో కిరసనాయిలు కాగడాతో కాల్చేయమన్నారనీ, పాకే పిల్లవాడున్న ఇంట్లో ఏం చేయాలో తోచడం లేదనీ రాశావు. కాగడా మాట వద్దని ఫోనులోనే చెప్పాను గానీ, ఇటువంటి పనికి తొందరలో విన్న మాట చాలదు కనుక వివరంగా రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. బూడిదరంగు కాగితం లాంటి పట్టు ఒక్క కాడ మీద వేలాడుతున్నది. అరలన్నీ కిందికి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నడుమ కొన్నింటికి తెల్లని మూతలు పడ్డాయి. ఆ మూతల వెనకనున్న పిల్లలు కొద్ది రోజుల్లో రెక్కలతో బయటికి వస్తాయి. పైన కూర్చున్నవి ఎరుపు కలిసిన గోధుమరంగులో, సన్నని నడుముతో, పొట్ట మీద పసుపు చారతో ఉన్నాయి. మన ఇళ్ళకు సాధారణంగా పట్టే కందిరీగలు ఇవే. రంగు వేయని పాత తలుపునో, గేటు పక్కన పాతిన కర్రనో దవడలతో గీకి, ఆ పీచును ఉమ్మితో నమిలి ఈ కాగితాన్ని తయారు చేస్తాయి. కాడకు మాత్రం చీమలను దరిచేరనివ్వని పదార్థమొకటి పొట్ట కొనతో పూస్తూ ఉంటాయి; వాటి పిల్లలకు చీమలు పెద్ద శత్రువులు.

చలికాలం దాకా ఓపిక పడితే అవే పోతాయని యూట్యూబ్‌లో చెప్పే మాటలను పట్టించుకోవద్దు. అది చలిదేశాల సంగతి. అక్కడ చలి ముదిరేసరికి పట్టులోనివి చనిపోయి, ఎక్కడో దాక్కున్న ఆడ కందిరీగలు కొన్ని మాత్రమే మళ్ళీ వసంతానికి మిగులుతాయి. మన బెజవాడలో అంత చలి ఎక్కడ ఉంది? బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ గారు దశాబ్దాల తరబడి దక్షిణాది కందిరీగలను పరిశీలించారు. ఇవి ఋతువుతో పని లేకుండా ఏడాది పొడవునా పట్లు పెడతాయనీ, రాణి పోతే ఆ పట్టులోదే మరొకటి రాణి అవుతుందనీ తేలింది. కాబట్టి వేచి చూడడం వల్ల నీకు కలిసివచ్చేది ఏమీ లేదు.

అయితే కనిపించిన ప్రతి పట్టునూ తీయాలని నేను చెప్పను. వ్యవసాయ శాఖలో పని చేసిన రోజుల్లో మిరప చేలలో చూసేవాణ్ణి: లద్దెపురుగును పట్టిన కందిరీగ దాన్ని అక్కడికక్కడే నమిలి, పచ్చని ముద్ద చేసి, పిల్లల కోసం మోసుకుపోయేది. నీ డాబా మీది వంగ, టమాటా కుండీలకు అది జీతం లేని కాపలా. మనిషి చేయి గానీ తల గానీ పిల్లవాడి ఆట గానీ చేరని చోట పట్టు ఉంటే దాని మానాన దాన్ని వదిలేయడమే నయం. నీ సంగతి వేరు. కిటికీ రెక్క తెరిచిన ప్రతిసారీ ఆ పట్టు అదురుతుంది; వాటికి అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ అదురే. అందుచేత అది తీయవలసినదే.

పగలు తీయకూడదు. పగటిపూట సగం కందిరీగలు మేతకు పోయి ఉంటాయి. తిరిగి వచ్చి పట్టు లేదని తెలిసి అక్కడే తిరుగుతూ అడ్డువచ్చిన వారిని కుడతాయి. బాగా చీకటి పడ్డాక అన్నీ పట్టు మీదికి చేరి కదలకుండా ఉంటాయి. అప్పుడు వంటింటి కిటికీలు మూసి, లోపలి దీపాలు ఆర్పి, బాబును వీధివైపు గదిలో ఉంచి తలుపు వేయండి. కింది వాటా వారికి ముందుగా చెప్పండి. అల్లుడుగారు మందపాటి ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, దానిపైన వాన కోటు వేసుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని, మెడ చుట్టూ తువ్వాలు బిగించుకోవాలి. చేతులకు తొడుగులు ఉండాలి. టార్చిలైటు చేత్తో పట్టుకోకూడదు, ఎందుకంటే చీకట్లో లేచినవి నేరుగా వెలుగు మీదికి వస్తాయి. దాన్ని కొంచెం దూరంలో గోడ మీద పెట్టి, అద్దానికి వెలుగు దాటే పలుచని ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి. ఎర్ర వెలుగు వాటికి సరిగా కనిపించదు.

లీటరు నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చెంచాలు కలిపి, ధారగా కొట్టే స్ప్రే సీసాలో పోసుకుంటే సరిపోతుంది. కందిరీగ ఒంటికి రెండు పక్కలా ఉండే సన్నని రంధ్రాలతో గాలి పీలుస్తుంది. సబ్బు నీళ్ళు వాటిలోకి జారి ఊపిరి ఆపేస్తాయి, రెక్కలు తడిసి ఎగరలేవు కూడా. వంటింటి పక్కన పురుగుమందు కొట్టడం కంటే ఇదే నాకు ఇష్టం. పట్టుకు సరిగ్గా కింద నిలబడకుండా పక్కగా నిలబడి, పట్టంతా ముద్దయ్యేదాకా ఆపకుండా కొట్టాలి. కదలిక పూర్తిగా ఆగాక పొడుగు కర్రతో కాడను గీకి, పట్టును సబ్బు నీళ్ళ బకెట్‌లో పడేయాలి. తప్పించుకున్నవి ఒకటి రెండు రోజులు అదే చోటికి వచ్చి తిరుగుతాయి. వాటి జోలికి పోవద్దు. తర్వాత కాడ అంటిన చోటును సబ్బుతో కడిగి, సన్‌షేడ్ నెర్రెలను వాల్ పుట్టీతో పూడ్చి, సున్నం వేయించండి.

ఈ పని నేల మీదో, స్థిరమైన బాల్కనీలోనో నిలబడి చేయగలిగితేనే చేయండి. నిచ్చెన ఎక్కవలసి వస్తే మానుకుని పెస్ట్ కంట్రోల్ వారిని పిలవండి. కందిరీగ కుట్టినా ఓర్చుకోవచ్చు గానీ, కుట్టిందని ఉలిక్కిపడి మేడ మీదినుంచి పడితే చేయగలిగింది ఏమీ ఉండదు. కాగడా వద్దన్నది కూడా ఇందుకే: నిప్పు అంటుకున్నవి గాలిలోకి లేచి, మనం ఊహించని వైపు వస్తాయి, పక్కనే గ్యాసు సిలిండరు, కరెంటు తీగలు ఉన్నాయి.

మీటరు పెట్టె వెనక మట్టి గూడు కూడా ఉందన్నావు. దానికి భయపడనక్కరలేదు. అది ఒంటరిగా బతికే కందిరీగది. చేత్తో నలిపితే తప్ప కుట్టదు, గూటిని కాపాడుకోవడానికి మీద పడదు. ఆ మట్టి గదుల్లో కుట్టి మత్తెక్కించిన సాలీళ్ళో గొంగళిపురుగులో ఉంటాయి. పురుగు కందిరీగను తలచి తలచి తానే కందిరీగ అయిందని భ్రమరకీటక న్యాయం చెబుతారు కదా, జరిగేది అంత వేదాంతం కాదు: తల్లి పెట్టిన గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగునే తిని పెరుగుతుంది. గూడు ఖాళీ అయ్యాక, మూతలకు చిల్లులు కనిపిస్తాయి. అప్పుడు మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేత గీకించు. మోటారు రంధ్రాలలోనూ, ఏసీ నీళ్ళ గొట్టంలోనూ ఇవి మట్టి కుక్కుతాయి, అవి మాత్రం చూసుకోవాలి.

గుణదల కొండ పక్కనే ఉంది కనుక మరో రెండింటిని గుర్తుపట్టడం నేర్చుకో. నల్లని ఒంటి మీద ఒకే ఒక వెడల్పాటి పసుపు పట్టీ ఉన్న పెద్ద కందిరీగ నేల బొరియలోనో చెట్టు తొర్రలోనో కాపురం ఉంటుంది. ఆ బొరియలో పెట్రోలు పోయడం, మట్టి కప్పడం వంటి సాహసాలు ఎవరు చెప్పినా చేయవద్దు. ఇక పెద్ద భవనాల కింద చాపలాగా వేలాడేది తేనెపట్టు. దాన్ని రాయి విసిరి రేపితే వీధి అంతా పరుగెత్తాలి. ఈ రెండింటికీ అలవాటున్న మనుషులనే పిలవాలి.

కుడితే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. తేనెటీగ ముల్లు ఒంట్లో విరుగుతుంది, గోరుతో వెంటనే గీకి తీయాలి. కందిరీగ ముల్లు విరగదు, అందుకే అది మళ్ళీ మళ్ళీ కుడుతుంది. ముందు అక్కడినుంచి ఇంట్లోకి పోవాలి. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసి, సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. మీ అమ్మమ్మ తడిసున్నం రాసేది. పసివాడి చర్మానికి అది రాయవద్దు, పొక్కుతుంది. కుట్టిన చోటనే వాపు, నొప్పి ఉంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. కుట్టని చోట్ల కూడా దద్దుర్లు లేచినా, పెదవులు, నాలుక ఉబ్బినా, ఆయాసం, కళ్ళు తిరగడం, వాంతులు వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోను చేయి. దానికి అడ్రినలిన్ ఇంజెక్షనే మందు, ఇంట్లోని అలర్జీ మాత్ర చాలదు. నోట్లోనో గొంతులోనో కుట్టినా ఆసుపత్రికే వెళ్ళాలి. ఒకేసారి చాలా కుట్టినవారు బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రిలో చూపించుకోవాలి, ఎందుకంటే ఆ విషం మూత్రపిండాలను దెబ్బతీసిన సంగతి ఆలస్యంగా బయటపడుతుంది.

చివరగా, పట్టు రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడు దాని మీద ఒకటో రెండో కందిరీగలు ఉంటాయి. అప్పుడు సబ్బు నీళ్ళతో అయిదు నిమిషాల పని. అందుకని పదిహేను రోజులకొకసారి సన్‌షేడ్ల కింద, పిట్టగోడ లోపలి వైపు, నీళ్ళ ట్యాంకు మూత అంచున, ఏసీ పెట్టె వెనక దూరం నుంచి కళ్ళు వేసి చూడు. దసరాకు, సంక్రాంతికి బూజు దులిపేటప్పుడు కర్ర పెట్టే ముందు పైకి చూడమని పనిమనిషికి కూడా చెప్పు. దండెం మీది బట్టలు, ముఖ్యంగా బాబు చొక్కాలు, దులిపి గానీ తొడగవద్దు. మీద వాలిన కందిరీగను కొట్టకూడదు. కదలకుండా ఉంటే అదే పోతుంది. అది రెక్కలు పైకెత్తి పట్టు అంచున నీవైపు తిరిగి నిలబడిందంటే దాని హెచ్చరిక అదే. మెల్లగా వెనక్కి నడువు.

ఆదివారం సాయంత్రం అల్లుడుగారు ఈ పనికి పూనుకుంటే, కాగడా సంగతి ఇంటివారికి తానే మర్యాదగా వివరించమను. వాన కోటు లేకపోతే నాది పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య